అడుగు నుంచి పైకి

మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ వెళ్తూ
పక్కింటి హత్సునె గారు
నా చేతుల్లో ఒక జాడీ పెట్టారు,
తాళంచెవి ఇచ్చినంత తేలిగ్గా.
"రోజుకోసారి కలుపు.
అడుగున ఉన్నది పైకి, పైన ఉన్నది అడుక్కి.
గరిటె వద్దు. చెయ్యి."
రేవులో ఓడ కూత వేసింది.

మూత తీశాను. తడి తవుడు.
సాదో దీవి రోడ్ల మీద ముప్పై ఏళ్ళుగా బస్సు తోలుతున్నవాణ్ణి,
వాసనలు నాకు కొత్త కాదు:
చేపల బుట్టలు, వాన కోట్లు, బడిపిల్లల బూట్లు.
ఇది వాటిలో దేనికీ చుట్టం కాదు.
కాస్త బీరు, కాస్త పాత చెక్కపెట్టె,
వాన వెలిసిన పొలం.
మణికట్టు దాకా ముంచితే గోరువెచ్చగా తగిలింది.
లోపల ఎవరో ఉన్నారు.

దీన్ని మేం తవుడు పడక అంటాం.
పడకే.
కాకపోతే రోజూ మనమే లేపాలి.

మూడు రోజులు లేపాను.
నాలుగో రోజు పండగ స్పెషల్ బస్సులు.
అయిదో రోజు నేను లేవలేదు.
ఆరో రోజుకి ఆగస్టు తన పని తాను చేసుకుపోయింది:
పైన తెల్లటి పొర,
రంగుల షాపు తలుపు తీసినట్టు ఘాటు.
చంపేశాననుకున్నాను.
ఆవిడ చెయ్యి, ఆవిడ అత్తగారి చెయ్యి,
ఆ అత్తగారి అత్తగారి చెయ్యి
వరసగా మునిగి లేచిన జాడీని
ఒక్క సెలవురోజు నిద్రకి.

టోఫూ కొట్టు సుతెజిరో నవ్వాడు.
"చావలేదు, అలిగింది.
పొర గీకి పారెయ్. ఉప్పు, గుప్పెడు ఆవపిండి, కొత్త తవుడు.
రెండ్రోజులు దాన్ని ఏమీ అడక్కు."

తవుడు కొనక్కర్లేదట.
పొలాల మధ్య నాణెం వేస్తే తిరిగే బియ్యం మిషను గది ఉంది.
జనం తెల్లబియ్యం మూటగట్టుకు పోతారు.
తవుడు గోడ వెనక పోగుపడుతుంది,
కావలసినవాళ్ళు తీసుకోండని అట్టముక్క మీద రాసి.
నా బస్సు దాని ముందు నుంచి
రోజుకి ఎనిమిది సార్లు వెళ్తుంది.
ఎనిమిది సార్లూ నేను చూడలేదు.

అలక తీరాక ఒక కీరా పాతిపెట్టాను.
తెల్లారి తవ్వితే
నీళ్ళ మనిషికి మాట వచ్చినట్టుంది.
వంకాయ ఊదా వెలిసిపోకుండా
లోపల ఒక తుప్పు మేకు కూడా ఉంటుంది.
వేళ్ళకి అది తగిలినప్పుడల్లా
ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఉలిక్కిపడతాను.

అంతకుముందు నా మధ్యాహ్నం
ఒక ప్లాస్టిక్ డబ్బా,
అందులో ప్లాస్టిక్ గడ్డిపరక,
చేప ఆకారంలో వేలెడు సోయా సీసా.
తినడానికి పది నిమిషాలు.
ఆ గడ్డిపరక మాత్రం
నన్ను సాగనంపాక కూడా పచ్చగానే ఉంటుంది.
ఇప్పుడు చల్లన్నం, మూడు ముల్లంగి ముక్కలు,
మా అక్క పెళ్ళినాటి నీలి గుడ్డలో మూట.
పొట్ట తగ్గిందన్నాడు డాక్టరు.
ఉప్పు తగ్గలేదనీ అన్నాడు.

చివరి స్టాపులో ఇంజను ఆపి
సముద్రం వైపు తలుపు తెరిచి తింటాను. కరకర.
ఆ చప్పుడుకి మొన్న ఒక బడిపిల్ల
దిగబోయి ఆగింది.
ఒక ముక్క ఇచ్చాను. మొహం చిట్లించింది.
ఇంకోటి అడిగింది.

మూడు వారాలన్న హత్సునె గారు
అయిదో వారం చేతికర్రతో ఓడ దిగారు.
వంకాయ ముక్క నమిలారు. చాలాసేపు నమిలారు.
"ఇది నాది కాదు."
నేను చెప్పుల వైపు చూశాను.
"నీ చెయ్యి కలిసింది," అని
సగం తను ఉంచుకుని
సగం నా గిన్నెలోకి తోడారు.
తోడు, అంతే. ఇంకేం మాట్లాడలేదు.

రాత్రి బస్సు డిపోలో పెట్టి వచ్చి
లైటు వెయ్యకుండానే మూత తీస్తాను.
ఎంత కడిగినా పొద్దున స్టీరింగుకి ఆ వాసన తెలుస్తుంది.
అడుగున ఉన్నది పైకి.
పైన ఉన్నది అడుక్కి.

నా గిన్నెలో మేకు లేదు.
రేపు డిపో వెనక వెతకాలి,
బాగా తుప్పు పట్టినది.